ఈ బిడ్డ ఎవరి బిడ్డ?

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన వాక్యభాగములు: ఆదికాండము 33:1-5; 37:25-28; 1 సమూయేలు 30:1-19

 

ఈ దినము ఆదికాండము 33వ అధ్యాయములో నుండి ఒక చిన్న ప్రశ్నను మీ ముందు పెట్టాలని ఆశిస్తున్నాను. యాకోబు తన మామయైన లాబాను ఇంట ఇరవై సంవత్సరాలు గడిపి స్వదేశానికి తిరిగి వస్తున్నాడు. వెంట భార్యలు, దాసీలు, చిన్న పిల్లలు ఉన్నారు. ఎదురుగా అన్న ఏశావు 400 మందితో వస్తున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు కౌగిలించుకొని ఏడ్చారు. తరువాత ఏశావు తల ఎత్తి ఆ స్త్రీలను, పిల్లలను చూశాడు. నీ వెంట ఉన్న వీళ్ళంతా ఎవరు అని అడిగాడు. యాకోబు కోపగించుకోలేదు. "నా పిల్లల సంగతి నీకెందుకు?" అనలేదు. దేవుడు తనను కనికరించి ఇచ్చిన బిడ్డలని వినయముగా జవాబు చెప్పాడు.

ప్రియులారా, ఇదే ప్రశ్న ఈనాడు విమానాశ్రయాల్లో ప్రతి దినము అడుగుతున్నారు. పాస్‌పోర్టులు చూసే అధికారి పిల్లవాడిని చూసి, పక్కన ఉన్న పెద్ద మనిషిని చూసి, "ఈమె నీకు ఏమవుతుంది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నను గురించి మన శ్రోతల్లో ఒక సహోదరి ఉత్తరము వ్రాసింది. ఆమె పేరు చెప్పను, ఊరు చెప్పను. ఆమె భర్త అమెరికాలో ఉద్యోగము చేస్తున్నాడు. ఆరేళ్ళ పాప అక్కడే పుట్టింది. వేసవి సెలవులకు పాపను తీసుకొని అమ్మమ్మ ఇంటికి వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు భర్త తోడు లేడు. విమానము దిగిన చోట అధికారి రెండు పాస్‌పోర్టులూ తిప్పి చూశాడు. తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి వారి ఇంటిపేరు, పాప పాస్‌పోర్టులో తండ్రి ఇంటిపేరు. అధికారి కౌంటరు మీదకు వంగి పాపనే అడిగాడు: నీ పేరేమిటి? ఈమె ఎవరు? నాన్న ఎక్కడ? ఎక్కడికి వెళ్ళి వస్తున్నావు? తల్లి జవాబు చెప్పబోతే, "మీరు ఆగండి, పాపను చెప్పనివ్వండి" అన్నాడు. పాప బెదిరిపోయి తల్లి చీర కొంగులో ముఖము దాచుకుంది. ఇద్దరినీ పక్క గదిలో కూర్చోబెట్టి, తండ్రికి ఫోను చేసి మాట్లాడిన తరువాత పంపారు.

ఆ సహోదరి ఇలా వ్రాసింది: "అయ్యగారూ, నేను నవమాసాలు మోసి కన్న బిడ్డకు నేను తల్లినో కాదో ఆరేళ్ళ పిల్ల సాక్ష్యము చెప్పాలా? దొంగను చూసినట్టు అందరూ నన్నే చూశారు. ఆ అధికారిని క్షమించలేకపోతున్నాను. నాది తప్పా?"

అమ్మా, నీ మనసుకు కలిగిన నొప్పి అబద్ధము కాదు. తల్లితనాన్ని శంకించడము చిన్న మాట కాదు. అడిగేవాళ్ళందరూ మర్యాదగా అడుగుతారని కూడా నేను చెప్పను. రంగు చూసి, వేషము చూసి, భాష రాకపోవడము చూసి చులకన చేసేవాళ్ళు ఏ దేశములోనైనా ఉంటారు. అలాంటిది జరిగితే పై అధికారికి ఫిర్యాదు వ్రాయడము పాపము కాదు. అపొస్తలుడైన పౌలు తనను కొరడాలతో కొట్టబోయినప్పుడు రోమా పౌరుడనన్న హక్కును అడిగి నిలుపుకొన్నాడు. అయితే అవమానకరముగా అడగడము వేరు, అడగడము వేరు. ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో తెలిస్తే మన మనసు కొంత తేలికపడుతుంది.

పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు, పని కోసమో అంతకంటే ఘోరమైన వాటి కోసమో అమ్ముకునేవాళ్ళు, అడవి దారుల్లోనే పోరు. మంచి బట్టలు కట్టి, టికెట్టు కొని, "మా అమ్మాయే" అని చెప్పి మన పక్క సీటులోనే కూర్చుంటారు. అందుకే అమెరికాలో 2013లో బ్లూ లైట్నింగ్ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టి, అలాంటి పిల్లలను గుర్తుపట్టడము విమాన సిబ్బందికి నేర్పిస్తున్నారు. బ్రిటన్‌లో 2009లో చేసిన ఒక చట్టములోని 55వ సెక్షను, సరిహద్దు అధికారులు తమ పని చేసేటప్పుడు పిల్లల క్షేమాన్ని చూడవలసిన బాధ్యతను పెట్టింది. బిడ్డ ఇంటిపేరు, వెంట ఉన్నవారి ఇంటిపేరు వేరైతే అక్కడి అధికారి సంబంధము ఏమిటని అడగవచ్చు.

ఇంకొక కారణము కూడా ఉంది. భార్యాభర్తలు విడిపోయినప్పుడు ఒకరికి తెలియకుండా ఒకరు బిడ్డను వేరే దేశానికి తీసుకుపోవడము జరుగుతున్నది. దీనికి అడ్డుకట్టగా 1980 అక్టోబరు 25న హేగ్ నగరములో ఒక అంతర్జాతీయ ఒడంబడిక చేశారు. పదహారేళ్ళలోపు బిడ్డను అక్రమముగా తీసుకుపోతే, ఆ బిడ్డ మామూలుగా నివసించే దేశానికి తిరిగి పంపాలని, ఎవరి దగ్గర పెరగాలన్నది అక్కడి కోర్టు తేల్చాలని దాని సారాంశము. వందకు పైగా దేశాలు అందులో చేరాయి. అమెరికా 1988 నుండి ఉంది. మన భారతదేశము చేరలేదు. కాబట్టి ఒకసారి బిడ్డ విమానమెక్కి సరిహద్దు దాటిపోతే, వెనుక మిగిలిన తండ్రి గాని తల్లి గాని ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసి రావచ్చు. ఆ ద్వారము దగ్గర అడిగే రెండు నిమిషాల ప్రశ్నకు అంత విలువ ఉంది.

ఇప్పుడు ఆదికాండము 37వ అధ్యాయానికి రండి. యోసేపుకు పదిహేడేళ్ళు. దోతానులో అన్నలు అతని అంగీ లాగివేసి గోతిలో పడవేశారు. తరువాత పైకి తీసి 20 తులముల వెండికి వర్తకులకు అమ్మేశారు. వర్తకుల ఒంటెల మీద సుగంధ ద్రవ్యాలున్నాయి, వాటి వెంట ఒక పిల్లవాడున్నాడు. దోతాను నుండి ఐగుప్తుకు ఎన్ని దినాల ప్రయాణము! దారిలో ఎన్ని బావులు, ఎన్ని మజిలీలు, ఎంతమంది మనుషులు ఎదురై ఉంటారు! "బాబూ, నీ పేరేమిటి? వీళ్ళు నీకు ఏమవుతారు? మీ నాన్న ఎక్కడ?" అని ఆ పిల్లవాడిని అడిగినవాడు ఒక్కడైనా మనకు లేఖనములో కనబడడు. అక్కడ హెబ్రోనులో తండ్రి రక్తము పూసిన అంగీని పట్టుకొని ఏడుస్తున్నాడు. ఇక్కడ బ్రతికి ఉన్న బిడ్డను పోతీఫరు ఇంట అమ్మేశారు. దేవుడు ఆ కీడును మేలుగా మార్చాడు, నిజమే. అయినా అడగకుండా ఊరుకున్న మనుషుల మౌనము మంచిదైపోదు.

సహోదరీ, నీ బిడ్డను అడిగిన ఆ ప్రశ్న, యోసేపును ఎవ్వరూ అడగని ప్రశ్న. నీ పాపకు ఆ ప్రశ్న అవసరము లేదు, ఆమె తల్లి ఆమె పక్కనే ఉంది. కాని అదే వరుసలో, నీ వెనుక పదిమంది తరువాత, తల్లి పక్కన లేని పాప ఒకటి ఉండవచ్చు. ఆ పాపను అడగాలంటే నీ పాపనూ అడగాలి. ఎవరు తల్లో, ఎవరు దొంగో ముఖము మీద వ్రాసి ఉండదు గదా! నిన్ను అడగకుండా వదిలిపెట్టే ద్వారము దొంగనూ అడగకుండా వదిలిపెడుతుంది. మన సొంత సంగతులే కాదు, ఇతరుల సంగతులు కూడా చూసుకోవాలని ఫిలిప్పీయుల పత్రిక 2వ అధ్యాయములో పౌలు నేర్పించాడు. ఎవరో తెలియని ఒక తల్లి బిడ్డ కోసము నీవు పది నిమిషాల అవమానాన్ని భరించావు. నీకు తెలియకుండానే ఆ భారము మోశావు. ఇక మీదట తెలిసి మోయమని ప్రభువు పేరట నిన్ను బ్రతిమాలుతున్నాను.

యోసేపు కథలో ఇంకొకటి గమనించండి. ఎవ్వరూ అడగని ఆ పిల్లవాడే పెద్దవాడై, ఐగుప్తు దేశానికి అధిపతియై, ధాన్యము కోసము వచ్చినవాళ్ళను అడిగేవాడయ్యాడు. ఎక్కడ నుండి వచ్చారు, తండ్రి బ్రతికి ఉన్నాడా, ఇంకొక తమ్ముడున్నాడా అని కఠినముగా అడిగాడు. అన్నలు వణికిపోయారు. కాని బెన్యామీనును చూసి, మీరు చెప్పిన చిన్న తమ్ముడు ఇతడేనా అని అడిగినప్పుడు, నోటి వెంట దీవెన వచ్చింది, కడుపు తరుక్కుపోయింది, లోపలి గదిలోకి వెళ్ళి ఏడ్చి, ముఖము కడుక్కొని బయటికి వచ్చాడు. ప్రశ్న అడిగే ముఖము కఠినముగా ఉన్నంత మాత్రాన, లోపల హృదయము కఠినమైనదని అనుకోకండి. ఆ కౌంటరు వెనుక కూర్చున్నవారికీ ఇంటి దగ్గర బిడ్డలుంటారు.

దేవుని బిడ్డలారా, ఇప్పుడు మన వంతుగా చేయవలసినవి కొన్ని చెబుతాను.

మొదటిది, సిద్ధపాటు. బిడ్డతో తల్లి ఒక్కతే గాని, తండ్రి ఒక్కడే గాని, తాతా అమ్మమ్మలు గాని వెళ్తున్నప్పుడు, బిడ్డ బర్త్ సర్టిఫికెట్ కాపీ వెంట ఉంచుకోండి. అమెరికా పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లు అచ్చు వేయరు, కాబట్టి అక్కడ పుట్టిన బిడ్డ ఎవరి బిడ్డో ఆ పుస్తకము చెప్పదు. ప్రయాణానికి రాని తల్లి గాని తండ్రి గాని, "ఈ బిడ్డ ఫలానా వారితో ఫలానా తేదీల్లో ప్రయాణము చేయడానికి నా సమ్మతి ఉంది" అని ఇంగ్లీషులో ఉత్తరము వ్రాసి, సంతకము చేసి, ఫోను నంబరు వేసి, నోటరీ చేయించి ఇవ్వడము మంచిది. అమెరికా సరిహద్దు అధికారులు, కెనడా ప్రభుత్వము కూడా ఇలాంటి ఉత్తరము వెంట ఉంచుకోమని సలహా ఇస్తారు. విడాకులైతే కోర్టు ఇచ్చిన ఉత్తర్వు, భర్త గాని భార్య గాని ప్రభువునందు నిద్రించి ఉంటే మరణ ధృవీకరణ పత్రము పెట్టుకోండి. ఇవన్నీ లోపల వేసే పెద్ద పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉండాలి. ప్రార్థన చేసి బయలుదేరడము విశ్వాసము. కాగితాలు సర్దుకొని బయలుదేరడము అవిశ్వాసము కాదు.

రెండవది, బిడ్డకు తన పేరు నేర్పించండి. నవ్వకండి, చాలా ఇండ్లలో ఇదే చిక్కు. ఇంట్లో చిన్ని, బుజ్జి అని పిలుస్తాము. సంఘములో బైబిలు పేరు ఒకటి ఉంటుంది. సర్టిఫికెట్టులో మూడవ పేరు ఉంటుంది. అధికారి సర్టిఫికెట్టు పేరు పెట్టి పిలిస్తే పాప పలకదు! అమ్మ పేరేమిటని అడిగితే "అమ్మ" అంటుంది. నాలుగేళ్ళు దాటిన బిడ్డకు తన పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఎక్కడికి వెళ్తున్నామో ఆ ఊరి పేరు చెప్పడము నేర్పండి. అంతవరకే నేర్పండి. చిలక పలుకుల్లా జవాబులు వల్లె వేయించవద్దు. టికెట్టు డబ్బు మిగులుతుందని వయసు తగ్గించి చెప్పమనడము, ఏదో ఒకటి దాచిపెట్టమనడము అసలే వద్దు. అధికారి ముందు బిడ్డ చేత ఒక్క అబద్ధము ఆడించిన తండ్రి, ఆదివారపు బడిలో సత్యాన్ని గురించి ఎన్ని పాటలు పాడించినా ఏమి లాభము? అధికారి బిడ్డను అడిగినప్పుడు మీరు మధ్యలో రాకండి. బిడ్డ నిజము చెబుతుందన్న నమ్మకముతో నిలబడండి.

మూడవది, బిడ్డను భయపెట్టి పెంచకండి. "అన్నము తినకపోతే పోలీసుకు పట్టిస్తాను" అంటాము. "అల్లరి చేస్తే బూచాడు ఎత్తుకుపోతాడు" అంటాము. ఏళ్ళ తరబడి ఆ మాట విన్న బిడ్డ, ఖాకీ బట్ట కనబడగానే, బ్యాడ్జీ కనబడగానే నోరు మూసుకుంటుంది. ఒక్కసారి ఆలోచించండి. రేపు నిజముగా ఎవడైనా మీ బిడ్డను చెయ్యి పట్టుకొని లాక్కుపోతుంటే, ఆ బిడ్డ ఎవరి దగ్గరకు పరుగెత్తాలి? ఆ పోలీసు దగ్గరకే గదా! ఆ దారిని మన నోటితోనే మూసివేస్తున్నాము. "ఆ అంకుల్ నీకు కాపలా ఉన్నాడు, అడిగితే భయము లేకుండా నిజము చెప్పు" అని నేర్పండి.

నాలుగవ మాట చెప్పడానికి నాకు భారముగా ఉంది, అయినా చెప్పాలి. మన సంఘాల్లో కూడా విరిగిపోయిన కాపురాలున్నాయి. కోపముతో, పగతో, "వాడికి బుద్ధి రావాలి" అని, "దానికి బిడ్డ ముఖము కూడా చూపించను" అని, ఒకరికి తెలియకుండా ఒకరు బిడ్డను దేశము దాటించాలని చూసేవాళ్ళున్నారు. అందుకు తోడుపడే బంధువులున్నారు. దానికి ప్రార్థన చేయమని కాపరిని అడిగేవాళ్ళూ ఉన్నారు. ప్రియులారా, బిడ్డ కత్తి కాదు, మీ భార్యను గాని భర్తను గాని పొడవడానికి. సొలొమోను ఎదుట నిలబడిన ఇద్దరు స్త్రీల సంగతి 1 రాజులు 3వ అధ్యాయములో ఉంది. బిడ్డను రెండుగా నరకమన్నప్పుడు, నా పంతము పోయినా బిడ్డ బ్రతికితే చాలు అన్నదే నిజమైన తల్లి. దెబ్బలకు, ప్రాణభయానికి పారిపోతున్న తల్లి ఉంటే ఆమెకు సంఘము ఆశ్రయమివ్వాలి, లాయరును చూపించాలి, కోర్టు ద్వారా రక్షణ వచ్చేవరకు ఆమెతో నడవాలి. దొంగచాటు దారి మాత్రము ఆ తల్లికీ బిడ్డకూ మరింత చిక్కు తెచ్చిపెడుతుంది.

విమానమెక్కని వాళ్ళు, ఇది మాకు సంబంధించిన వర్తమానము కాదనుకుంటున్నారేమో. 1 సమూయేలు 30వ అధ్యాయము మీ కోసమే. దావీదు తన మనుషులతో సిక్లగుకు వచ్చేసరికి ఊరు కాలిపోయి ఉంది. భార్యలను, కుమారులను, కుమార్తెలను అమాలేకీయులు చెరపట్టుకొని పోయారు. ఏడ్వడానికి బలము లేకపోయేంతగా ఏడ్చారు. తరుముకుంటూ పోతుండగా పొలములో ఒక ఐగుప్తు యౌవనుడు కనబడ్డాడు. జబ్బుపడ్డాడని యజమానుడు అతనిని దారిలో వదిలేసి పోయాడు. మూడు రాత్రింబగళ్ళు అన్నపానములు లేవు. దావీదు మనుషులు ముందు అతనికి రొట్టె పెట్టారు, నీళ్ళు ఇచ్చారు, అంజూరపు అడలో ముక్క, రెండు ద్రాక్షగెలలు తినిపించారు. ప్రాణము కుదుటపడిన తరువాత దావీదు అడిగాడు: నీవు ఎవరివాడవు, ఎక్కడ నుండి వచ్చావు? ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబే దారి చూపించింది. చెరపోయిన పిల్లల్లో చిన్నవాడు గాని పెద్దవాడు గాని ఒక్కరు కూడా తక్కువ కాకుండా అందరూ తిరిగి వచ్చారు.

సికింద్రాబాదు, విజయవాడ రైల్వే స్టేషన్లలో ప్లాట్‌ఫారము మీద ఒంటరిగా కూర్చున్న బిడ్డలను మనము చూస్తాము. ముఖము వాడిపోయి, వెంట ఉన్న మనిషి వైపు చూడడానికి కూడా జంకే పిల్లలను బస్సుల్లో చూస్తాము. "మనకెందుకులే" అని పేపరు చదువుకుంటాము. విమానాశ్రయములో అధికారి మన బిడ్డను అడిగితే నొచ్చుకునే మనము, ఇక్కడ పరాయి బిడ్డను అడగడానికి నోరు తెరవము! ఆకలిగా ఉంటే అన్నము పెట్టండి. దావీదులాగా, పెట్టిన తరువాతే అడగండి. అనుమానము కలిగితే మీరే పట్టుకొని గొడవపడకండి, రైల్వే పోలీసుకు చెప్పండి, లేదా పిల్లల సహాయము కోసము ఉన్న 1098 నంబరుకు ఫోను చేయండి. ఆ ఫోనుకు డబ్బులు పడవు. మీరు అడిగిన ఒక్క ప్రశ్న ఎవరో ఒక యాకోబు ఇంట ఏడ్పును ఆపవచ్చు.

చివరిగా ఒక్క మాట. ఏశావు అడిగినప్పుడు యాకోబు తన పిల్లలను గురించి చెప్పిన జవాబును మరువకండి. ఇవి నా సొత్తు అనలేదు, దేవుడు ఇచ్చినవాళ్ళు అన్నాడు. ఇచ్చినవాడు ఒకనాడు లెక్క అడుగుతాడు. నీ బిడ్డ సంగతే కాదు, నీ కళ్ళ ముందు నుండి నడిచిపోయిన బిడ్డ సంగతి కూడా అడుగుతాడు. ఆ దినాన సిగ్గుపడకుండా నిలబడే కృప ప్రభువు మనకు దయచేయును గాక.

ప్రార్థించుదము. పరిశుద్ధుడవైన తండ్రీ, మా బిడ్డలను మాకు ఇచ్చినందుకు నీకు స్తోత్రములు. ప్రయాణములో ఉన్న తల్లులను, పిల్లలను కాపాడుము. ద్వారముల యొద్ద కూర్చుండి ప్రశ్నించువారికి వివేకమును, దయగల నోటిని అనుగ్రహించుము. తన వారు ఎవరూ పక్కన లేక, అడిగేవారు లేక, ఈ గడియలో ఏ దారిలోనో నడిపించబడుచున్న బిడ్డను నీవు చూచుచున్నావు. ఆ బిడ్డకు ఎదురుగా ఒక మనిషిని పంపుము. ఆ మనిషి మాలో ఒకరైతే, మా నోరు తెరువుము. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.